మాటల రేడియోలో డేటా: ఎఫ్‌ఎం హ్యాండ్‌సెట్‌తో 1200 బాడ్ ప్యాకెట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

మాట్లాడుకోవడానికి తయారైన ఎఫ్‌ఎం హ్యాండ్‌సెట్‌ని విప్పకుండానే దాంట్లోంచి డిజిటల్ డేటా పంపాలనుకునే హ్యామ్‌లకూ (అమెచ్యూర్ రేడియోవాళ్లకూ), ఈసీఈ విద్యార్థులకూ ఈ పేజీ. డేటాని చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా, సెకనుకు 1200 బిట్ల (1200 బాడ్) చొప్పున పంపే పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం పది నిమిషాల పని. తల పట్టుకోవాల్సి వచ్చేదంతా ఆడియో లెవెళ్ల దగ్గర, టైమింగ్ దగ్గర. అందుకే వాటికే ఎక్కువ చోటిచ్చాం.

మాటల కోసం చేసిన రేడియోలోంచి డేటా ఎలా వెళ్తుంది?

శబ్దంగా మారి వెళ్తుంది. హ్యాండ్‌సెట్ మైకు దారి సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకే పోనిస్తుంది. ఒకట్లూ సున్నాలూ నేరుగా ఇస్తే అవి ఆ దారి దాటలేవు. కాబట్టి కంప్యూటర్ రెండు స్వరాలు పుట్టిస్తుంది: 1200 హెర్ట్జ్, 2200 హెర్ట్జ్. ఆ స్వరాలు మన గొంతు వెళ్లే దారిలోనే మైకు పిన్నులోకి వెళ్లి ఎఫ్‌ఎం అవుతాయి. అవతలి రేడియో స్పీకరులో కీచుమనే శబ్దం వస్తుంది. దాన్ని సౌండ్‌కార్డు తీసుకుని, ఎప్పుడు ఏ స్వరం ఉందో చూసి బిట్లుగా మారుస్తుంది. దీన్నే ఆడియో ఫ్రీక్వెన్సీ షిఫ్ట్ కీయింగ్, పొట్టిగా ఏఎఫ్‌ఎస్‌కే అంటారు. ఈ స్వరాల జత టెలిఫోన్ మోడెమ్‌ల కాలం నాటి బెల్ 202 ప్రమాణం నుంచి వచ్చింది.

ఉత్త ఎఫ్‌ఎస్‌కేలో బిట్లు క్యారియర్ (గాలిలోకి వెళ్లే రేడియో తరంగం) ఫ్రీక్వెన్సీనే నేరుగా కదుపుతాయి. ఇక్కడ బిట్లు స్వరాన్ని కదుపుతాయి, స్వరం క్యారియర్‌ని కదుపుతుంది. లైసెన్సు పరీక్షలో అడిగేది ఈ తేడానే, ప్రసార రకాన్ని చెప్పే కోడ్‌లతో: నేరుగా కదిపితే ఎఫ్1డీ, మధ్యలో ఆడియో స్వరం ఉంటే ఎఫ్2డీ.

1200 హెర్ట్జ్ అంటే 1, 2200 అంటే 0 అనుకోవచ్చా?

అనుకోకూడదు. సొంతంగా డీకోడర్ రాసేవాళ్లు మొదట బోల్తా పడేది ఇక్కడే. ప్యాకెట్‌లో ఎన్‌ఆర్‌జెడ్‌ఐ పద్ధతి నడుస్తుంది: 0 వస్తే స్వరం మారుతుంది, 1 వస్తే ఉన్న స్వరమే కొనసాగుతుంది.

స్టేషన్ గుర్తింపు పేరైన కాల్‌సైన్‌లోని ఇంగ్లిష్ 'వి' (V) అక్షరాన్ని తీసుకుందాం. దాని ఆస్కీ విలువ 01010110. ప్యాకెట్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఏఎక్స్.25. దాని అడ్రసులో ప్రతి అక్షరాన్నీ ఒక బిట్ ఎడమకి జరుపుతారు, అప్పుడు అది 10101100 అవుతుంది. గాలిలోకి కుడివైపు బిట్ ముందు వెళ్తుంది. అంటే 0, 0, 1, 1, 0, 1, 0, 1. అప్పటికి 1200 స్వరం మోగుతోందనుకుంటే వరసగా వెళ్లేవి ఇవి: 2200, 1200, 1200, 1200, 2200, 2200, 1200, 1200. ఒక్కో బిట్‌కి 833 మైక్రోసెకన్లు. 1200 స్వరానికి అది సరిగ్గా ఒక ఆవృతం. 2200కి 1.83 ఆవృతాలు, అంటే బిట్ ముగిసేసరికి తరంగం సున్నా దగ్గర ఉండదు. తర్వాతి స్వరాన్ని సున్నా నుంచి మొదలుపెట్టకుండా, తరంగం ఆగిన చోటునుంచే కొనసాగించాలి. లేకపోతే ప్రతి మార్పు దగ్గరా టిక్కుమనే శబ్దం చేరి డీకోడర్‌ని తికమక పెడుతుంది.

మార్పునే చూస్తారు కాబట్టి స్వరాలు తారుమారైనా డేటా చెడదు.

వరసగా ఐదు ఒకట్లు వస్తే, పంపేవాడు వాటి వెనక ఒక 0 ఇరికిస్తాడు, అందుకునేవాడు దాన్ని తీసేస్తాడు. ఫ్రేము (ఒక పూర్తి ప్యాకెట్) మొదలూ చివరా చెప్పే ఫ్లాగు 01111110. దాంట్లో ఆరు ఒకట్లున్నాయి కాబట్టి డేటా మధ్యలో అది పొరపాటున కూడా కనబడదు. పైగా స్వరం మారకుండా ఎక్కువసేపు ఉండదు కాబట్టి, అందుకునే గడియారానికి పట్టు దొరుకుతుంది.

మొదలుపెట్టడానికి ఏమేం కావాలి?

2 మీటర్ల బ్యాండులో, అంటే మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య, పనిచేసే ఎఫ్‌ఎం రేడియో ఒకటి. విండోస్ లేదా లినక్స్ ల్యాప్‌టాప్, లేదా రాస్ప్‌బెర్రీ పై. యూఎస్‌బీ సౌండ్‌కార్డు. డైర్‌వుల్ఫ్ లాంటి ఉచిత సౌండ్‌కార్డు మోడెమ్. వీటిని కలిపే కేబుల్. డిజిరిగ్, సిగ్నలింక్ లాంటి రెడీమేడ్ పెట్టెలు కొంటే సౌండ్‌కార్డూ, పీటీటీ (ట్రాన్స్‌మిట్ చేయడానికి నొక్కే మీట) ఏర్పాటూ రెండూ అందులోనే వస్తాయి. సోల్డరింగ్ వచ్చినవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో ఉన్న సౌండ్‌కార్డునే వాడొద్దని మా సలహా. వాట్సాప్ చప్పుడు, విండోస్ గంట అన్నీ గాలిలోకి వెళ్లిపోతాయి. రేడియోకి వేరే యూఎస్‌బీ కార్డు పెట్టి, సిస్టమ్ శబ్దాలకు ల్యాప్‌టాప్ స్పీకరునే డిఫాల్ట్‌గా ఉంచండి.

కేబుల్ నేనే చేసుకుంటాను. గుచ్చగానే రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లిపోతోంది, ఎందుకు?

బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి సెట్లలో కెన్‌వుడ్ తరహా రెండు పిన్నులుంటాయి, ఒకటి 3.5 మిల్లీమీటర్లు, ఒకటి 2.5. స్పీకరు ఆడియో 2.5 పిన్ను కొనమీద వస్తుంది, దాని స్లీవ్ (పిడి పక్కనున్న లోహ భాగం) గ్రౌండు. మైకు 3.5 పిన్ను మధ్య రింగుమీద. 3.5 పిన్ను స్లీవ్ గ్రౌండు కాదు. దాన్ని 2.5 పిన్ను స్లీవ్‌తో కలిపితే పీటీటీ నొక్కినట్టు.

మీ సౌండ్‌కార్డులో మైకు జాక్ గ్రౌండూ హెడ్‌ఫోన్ జాక్ గ్రౌండూ లోపల ఒకటే. ఆ రెండు జాకుల నుంచీ రెండు పిన్నులకూ తీగలు లాగితే రెండు స్లీవులూ సౌండ్‌కార్డు లోపల కలిసిపోతాయి. రేడియో పాపం చెప్పినట్టే వింటుంది. అందుకే మైకు దారిలో 600:600 ఓముల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. వీలైతే స్పీకరు దారిలోనూ ఒకటి పెట్టండి, ల్యాప్‌టాప్ ఛార్జరు హమ్ కూడా అక్కడే ఆగిపోతుంది.

మైకు దారి ఇలా కట్టండి. సౌండ్‌కార్డు హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఒక వోల్టు దాకా వస్తుంది, మైకుకి కావలసింది పది ఇరవై మిల్లీవోల్టులు. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 10 కిలోఓముల రెసిస్టర్ సిరీస్‌లో, 100 ఓములది అడ్డంగా వేస్తే లెవెల్ సుమారు నూరో వంతుకు తగ్గుతుంది. మైకు పిన్నుమీద డీసీ వోల్టేజీ ఉంటుంది కాబట్టి, 100 ఓముల దగ్గర్నుంచి మైకు రింగుకి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా వెళ్లండి.

పీటీటీకి పీసీ817 ఆప్టోకప్లర్ చాలు. కలెక్టర్ 3.5 స్లీవ్‌కి, ఎమిటర్ 2.5 స్లీవ్‌కి. యూఎస్‌బీ-టీటీఎల్ (యూఎస్‌బీ నుంచి సీరియల్) బోర్డులో ఆర్‌టీఎస్ పిన్ను (కంప్యూటర్ ఆన్, ఆఫ్ చేయగలిగేది) పనిలోకి వచ్చినప్పుడు కిందికి పడుతుంది కాబట్టి, ఎల్‌ఈడీ ఆనోడ్‌ని 680 ఓముల ద్వారా 5 వోల్టులకు, కాథోడ్‌ని ఆర్‌టీఎస్‌కు కలపండి. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఆర్‌టీఎస్ కాసేపు ఊగిసలాడవచ్చు, అప్పుడు రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్తుంది. కంప్యూటర్ పూర్తిగా లేచాకే రేడియో ఆన్ చేయడం అలవాటు చేసుకోండి. రేడియో మెనూలో టైమవుట్‌ని 60 సెకన్లకు పెట్టడం మరిచిపోవద్దు.

వాక్స్‌తో పని కానిచ్చేయొచ్చా?

వాక్స్ అంటే శబ్దం రాగానే రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లడం. పరీక్షకు సరే, రోజువారీకి వద్దు. వాక్స్ మేలుకునేలోపు ప్యాకెట్ మొదలు పోతుంది. ప్యాకెట్ అయిపోయాక కూడా అర సెకను, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, క్యారియర్ వేలాడుతుంది. అవతలివాడి జవాబు సరిగ్గా ఆ సమయంలోనే వచ్చి వృథా అవుతుంది.

ట్రాన్స్‌మిట్ లెవెల్ ఎంత పెట్టాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

25 కిలోహెర్ట్జ్ వైడ్ సెట్టింగులో 1200 బాడ్ ప్యాకెట్‌కి డీవియేషన్ (స్వరం క్యారియర్‌ని అటూ ఇటూ కదిపే దూరం) 3 నుంచి 3.5 కిలోహెర్ట్జ్ ఉండాలి. గరిష్ఠ హద్దు 5. డీవియేషన్ మీటరు లేనివాళ్లు ఇలా చేయండి. రెండో రేడియోని అదే ఫ్రీక్వెన్సీలో, పక్క గదిలో పెట్టండి. మీ రేడియోని తక్కువ పవరులో ఉంచండి. మోడెమ్ నుంచి పరీక్ష స్వరాలు పంపండి, డైర్‌వుల్ఫ్‌లో రెండు స్వరాలనూ మార్చి మార్చి పంపే సదుపాయం ఉంది. సౌండ్‌కార్డు అవుట్‌పుట్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ రెండో రేడియోలో వినండి. శబ్దం పెరుగుతూ పెరుగుతూ ఒక చోట ఆగిపోతుంది, మీరు స్లైడర్ పెంచినా అది పెరగదు. మీ రేడియోలోని లిమిటర్ తలలు కత్తిరిస్తోందన్నమాట. అక్కణ్నుంచి వెనక్కి రండి, శబ్దం స్పష్టంగా తగ్గిందని చెవికి తెలిసేదాకా. దాదాపు మూడింట రెండొంతుల దగ్గర ఆగండి.

గట్టిగా పంపితే దూరం పోతుందనుకుని లెవెల్ పెంచేవాళ్లే ఎక్కువ. జరిగేది అందుకు తిరగబడి. ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ మైకు దారిలో ప్రీ-ఎంఫసిస్ ఉంటుంది, అది పై స్వరాలను ఆక్టేవ్‌కి 6 డెసిబెల్‌ల చొప్పున పెంచుతుంది. ఆ లెక్కన 2200 స్వరం 1200 కంటే 5.3 డెసిబెల్‌లు బలంగా లిమిటర్ దగ్గరికి వస్తుంది. లెవెల్ ఎక్కువైతే ముందు తెగేది అదే. అవతల రిసీవర్‌లో డీ-ఎంఫసిస్ మళ్లీ పై స్వరాన్ని 5.3 డెసిబెల్‌లు తగ్గిస్తుంది. తెగిపోయిన దాన్ని ఇంకా తగ్గించాక 2200 స్వరం పీలగా మిగులుతుంది. చెవికి ప్యాకెట్ గట్టిగా, చక్కగా వినిపిస్తుంది. డీకోడ్ మాత్రం కాదు.

రిసీవ్ వైపు ఏం చూడాలి?

డైర్‌వుల్ఫ్ ప్రతి ప్యాకెట్‌కీ ఆడియో లెవెల్ అంకె చూపిస్తుంది. అది 50 దరిదాపుల్లో ఉండేలా రేడియో వాల్యూమూ సౌండ్‌కార్డు ఇన్‌పుట్టూ సర్దండి. దాని పక్కన బ్రాకెట్లలో ఇంకో రెండు అంకెలుంటాయి, మొదటిది 1200 స్వరం బలం, రెండోది 2200ది. మా దృష్టిలో మొత్తం తెరమీద అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ రెండు అంకెలే. రెండూ దాదాపు సమానంగా ఉంటే అంతా బాగున్నట్టే. రెండోది మొదటిదాంట్లో సగమో, అంతకన్నా తక్కువో అయితే పంపేవాడు అతిగా పంపుతున్నాడు, లేదా ప్రీ-ఎంఫసిస్ లేని డేటా పోర్టులోంచి పంపుతున్నాడు. రెండోదే బాగా పెద్దదైతే మీరు డీ-ఎంఫసిస్ లేని డిస్క్రిమినేటర్ అవుట్‌పుట్ నుంచి తీసుకుంటున్నారు. చాలా స్టేషన్లు వస్తుంటే అందరి అంకెలూ చూడండి. అందరివీ ఒకే వైపు ఒరిగితే తప్పు మీ దగ్గరుంది, ఒక్కరిదే ఒరిగితే వాళ్ల దగ్గరుంది.

సౌండ్‌కార్డు సెట్టింగుల్లో మైక్ బూస్ట్, ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ సప్రెషన్, విండోస్‌వాళ్ల ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు అన్నీ ఆపేయండి. నాయిస్ సప్రెషన్‌కి మన ప్యాకెట్ కూడా నాయిసే.

స్పీకరులో ప్యాకెట్లు వినిపిస్తున్నాయి, తెరమీద ఏమీ రావడం లేదు.

రేడియో మెనూ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. స్క్వెల్చ్‌ని (సిగ్నల్ లేనప్పుడు హోరుని ఆపే ఏర్పాటుని) సున్నా చేసి హోరు ఎప్పుడూ వచ్చేలా ఉంచండి, అది తెరుచుకునేలోపు ప్యాకెట్ మొదలు పోతుంది. బ్యాటరీ సేవ్ ఆపండి, ఆ మోడ్‌లో రిసీవర్ కునుకు తీస్తూ మేలుకుంటూ ఉంటుంది. డ్యూయల్ వాచ్ ఆపండి. రిసీవ్‌లో సీటీసీఎస్ఎస్ టోన్ (అది ఉన్న సిగ్నల్‌నే వినిపించే తాళం లాంటిది) పెట్టి ఉంటే తీసేయండి. కంపాండర్ ఉంటే అదీ ఆపండి. పంపే రేడియోలో రోజర్ బీప్ ఉంటే అది తప్పకుండా పోవాలి. వైడ్, నారో రెండువైపులా ఒకేలా ఉండాలి. పంపేవాడు నారోలో ఉంటే డీవియేషన్ 2.5 కిలోహెర్ట్జ్ దాటదు, వైడ్‌లో ఉన్న మీకు పీలగా వినిపిస్తుంది.

అవన్నీ సరిగా ఉన్నా రాకపోతే టీఎక్స్‌డిలే చూడండి.

టీఎక్స్‌డిలే అంటే ఏమిటి? ఎంత పెట్టాలి?

పీటీటీ నొక్కాక ట్రాన్స్‌మిటర్ పూర్తి పవరుకి రావడానికి, అవతలి రిసీవర్ నిలదొక్కుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ వ్యవధిలో మోడెమ్ ఉత్త ఫ్లాగులే పంపుతుంది. దాన్ని 10 మిల్లీసెకన్ల ప్రమాణంలో రాస్తారు, 30 అంటే 300 మిల్లీసెకన్లు. 1200 బాడ్ దగ్గర ఆ వ్యవధిలో 360 బిట్లు, అంటే 45 ఫ్లాగులు వెళ్తాయి. 30తో మొదలుపెట్టండి. చవక హ్యాండ్‌సెట్లకు 40, 50 కూడా పట్టవచ్చు. బాగా పనిచేస్తున్నాక 5 చొప్పున తగ్గిస్తూ పోయి, ప్యాకెట్లు తప్పడం మొదలైన చోటుకి 10 కలిపి ఆపేయండి. ఊరికే 100 పెట్టి వదిలేస్తే ప్రతి ప్యాకెట్‌కీ సెకను సేపు అందరి ఛానెల్ మీరే ఆక్రమించినట్టు.

అసలు వేగం ఎంత వస్తుంది?

సెకనుకు 150 బైట్లు, అదీ కాగితంమీద. అడ్రసులతో కలిపి 80 బైట్ల లొకేషన్ ప్యాకెట్‌కి 0.53 సెకన్లు, టీఎక్స్‌డిలే కలిపితే 0.83. ఫొటోలు పంపే దారి కాదిది. లొకేషన్, వాతావరణ కొలతలు, పొట్టి సందేశాలు, తుపాను రోజుల్లో ఏ శిబిరానికి ఎన్ని బియ్యం బస్తాలు కావాలో చెప్పే జాబితా, ఇలాంటివాటికి బాగా సరిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని ప్యాకెట్లు ఎందుకు పోతాయి?

ఏఎక్స్.25లో తప్పు పట్టుకునే 16 బిట్ల చెక్‌సమ్ ఉంది, తప్పు దిద్దే ఏర్పాటు లేదు. ఒక్క బిట్ చెడితే ప్యాకెట్ మొత్తం చెత్తబుట్టలోకే. వెయ్యి బిట్లకు ఒకటి చెడే దారిలో 100 బైట్ల ప్యాకెట్ క్షేమంగా చేరే అవకాశం సుమారు 45 శాతం మాత్రమే. అందుకే పొట్టి ప్యాకెట్లు పొడుగువాటికంటే బాగా చేరుతాయి. ఎఫ్‌ఎక్స్.25 పద్ధతి రీడ్-సాలమన్ కోడ్‌తో తప్పులు దిద్దుతుంది, పాత డీకోడర్లు కూడా ఆ ప్యాకెట్‌ని చదవగలవు. డైర్‌వుల్ఫ్‌లో అది ఉంది, వాడుకోండి. ఐఎల్2పీ ఇంకా పొదుపైనది, కానీ రెండువైపులా ఐఎల్2పీ తెలిసిన మోడెమే ఉండాలి.

రెండో కారణం గుద్దుకోవడం. కొండకి అటొకరు ఇటొకరు ఉంటే ఒకరి క్యారియర్ మరొకరికి వినబడదు, మధ్యలో ఉన్న డిజిపీటర్ (విన్న ప్యాకెట్‌ని మళ్లీ పంపే స్టేషన్) దగ్గర రెండూ కలిసి పాడవుతాయి. పర్సిస్టెన్స్ 63, స్లాట్‌టైమ్ 10 ఉంచండి. ఛానెల్ ఖాళీగా కనబడ్డా ప్రతి 100 మిల్లీసెకన్లకు నాలుగో వంతు అవకాశంతోనే మోడెమ్ పంపుతుంది. వినబడని స్టేషన్ విషయంలో ఇది పూర్తి విరుగుడు కాదు, తరచుగా బీకన్ (ఎవరూ అడక్కుండానే తన ప్యాకెట్ పంపడం) చేయకపోవడమే మందు. కదలని స్టేషన్‌కి అరగంటకో బీకన్ చాలు.

పంపేటప్పుడు ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది, పీటీటీ అంటుకుపోతోంది.

రేడియో తరంగం యూఎస్‌బీ కేబుల్లోకి దూరుతోంది. 5 వాట్ల హ్యాండ్‌సెట్‌ని రబ్బరు యాంటెన్నాతో ల్యాప్‌టాప్ పక్కనే పెడితే మామూలుగా జరిగేదే. యాంటెన్నాని కోయాక్స్‌తో డాబామీదికి పంపండి. అది కుదరకపోతే పవరు తగ్గించి, కేబుళ్ల రెండు చివర్లా క్లిప్-ఆన్ ఫెరైట్లు బిగించండి. యూఎస్‌బీ కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఇదే కేబుల్‌తో 9600 బాడ్ పోతుందా?

పోదు. 9600 బాడ్ జీ3ఆర్‌యూహెచ్ పద్ధతిలో స్వరాలుండవు. స్క్రాంబుల్ చేసిన బిట్లు నేరుగా క్యారియర్‌ని కదుపుతాయి, అందులోని శక్తి దాదాపు డీసీ నుంచి 4800 హెర్ట్జ్ దాకా పరుచుకుని ఉంటుంది. మైకు దారి దాన్ని పైనా కిందా కోసేస్తుంది. 6 పిన్నుల మినీ-డిన్ డేటా పోర్టు ఉన్న మొబైల్ రేడియో కావాలి.

హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) రేడియోతో కూడా ఇలాగేనా?

స్వరాలు మైకులోకి పంపడం వరకు ఇలాగే. ఫలితం వేరు. ఎస్‌ఎస్‌బీ రేడియో ఆడియో స్వరాన్ని నేరుగా ఒక రేడియో ఫ్రీక్వెన్సీగా మారుస్తుంది. డయల్ 14.074 మెగాహెర్ట్జ్‌లో ఉండి అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో 1500 హెర్ట్జ్ స్వరం ఇస్తే, గాలిలో వెళ్లేది 14.0755 దగ్గర ఒక్క క్యారియర్. కాబట్టి ఇక్కడ ఏఎఫ్‌ఎస్‌కే, ఎఫ్‌ఎస్‌కే గాలిలో ఒకటే. హెచ్‌ఎఫ్ ప్యాకెట్ 300 బాడ్, స్వరాల మధ్య 200 హెర్ట్జ్ దూరం. ఎఫ్‌ఎంలో లెవెల్ ఎక్కువైతే నష్టం మన ప్యాకెట్‌కే. ఇక్కడ ఏఎల్‌సీ (లెవెల్ మితిమీరకుండా చూసే ఏర్పాటు) సూది కదిలేదాకా పెంచితే పక్క ఫ్రీక్వెన్సీలవాళ్లు కూడా ఇబ్బంది పడతారు. సూది కదలడం మొదలయ్యే చోటుకి కిందే ఉండండి.

అంతరిక్ష కేంద్రం ద్వారా పంపొచ్చా?

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ప్యాకెట్ డిజిపీటర్ పనిచేస్తున్న రోజుల్లో, 145.825 మెగాహెర్ట్జ్‌లో ఇదే 1200 బాడ్ ఏఎఫ్‌ఎస్‌కేతో పంపొచ్చు. పాత్‌లో (ప్యాకెట్ ఎవరి ద్వారా వెళ్లాలో చెప్పే చోట) ఏఆర్‌ఐఎస్‌ఎస్ అని పెట్టాలి. డాప్లర్ వల్ల ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ 3.3 కిలోహెర్ట్జ్ జరుగుతుంది, వైడ్ ఎఫ్‌ఎంలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 5 వాట్లూ, చేత్తో పట్టుకునే చిన్న యాగీ యాంటెన్నా సరిపోతాయి. ఒక పాస్‌లో రెండు మూడుసార్లకు మించి పంపకండి, కింద అంత విశాలమైన ప్రాంతం నుంచి అందరూ ఆ ఒక్క ఛానెల్‌కోసమే చూస్తుంటారు.

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద వెళ్లి 2014 దాకా పనిచేసిన హ్యామ్‌శాట్ ఉపగ్రహం వేరే జాతిది. అందులో ఉన్నది లీనియర్ ట్రాన్స్‌పాండర్, అంటే కొంత బ్యాండులో వచ్చిన సిగ్నళ్లన్నిటినీ ఒకేసారి తిరిగి పంపేది. అలాంటివాటిలో ఎఫ్‌ఎం ప్యాకెట్ పంపితే ఎడతెగని క్యారియర్ అందరి వాటా పవరునూ లాగేస్తుంది. అవి ఎస్‌ఎస్‌బీకీ, మోర్స్‌కీ.

లైసెన్సు కావాలా?

కావాలి. అమెచ్యూర్ బ్యాండ్లలో ట్రాన్స్‌మిట్ చేయడానికి టెలికాం శాఖకు చెందిన డబ్ల్యూపీసీ విభాగం నిర్వహించే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. జనరల్ గ్రేడువాళ్లకు వీయూ2, రెస్ట్రిక్టెడ్ గ్రేడువాళ్లకు వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్‌లు వస్తాయి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, ఈ దారిలోకి రావాలనుకునే తెలుగువాళ్లు అక్కడ అడగొచ్చు. డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి పంపకూడదు. వ్యాపార సమాచారం పంపకూడదు.

లైసెన్సు లేదు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేయాలి. ఎలా?

రేడియోని తీసేసి, మిగతాదంతా చేయండి. రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు యూఎస్‌బీ సౌండ్‌కార్డులు, మధ్యలో ఆడియో కేబుల్. హెడ్‌ఫోన్ నుంచి మైకుకి వెళ్లేచోట పైన చెప్పిన 10 కిలోఓములు, 100 ఓములే వేయండి. ఫ్రేములు కట్టడం, బిట్ స్టఫింగ్ (ఐదు ఒకట్ల వెనక 0 ఇరికించడం), ఎన్‌ఆర్‌జెడ్‌ఐ, చెక్‌సమ్, డీమాడ్యులేషన్ అన్నీ ఇక్కడే నేర్చుకోవచ్చు. ల్యాబుల్లో దొరికే ఎక్స్‌ఆర్2206తో స్వరాలు పుట్టించి, 565 పీఎల్‌ఎల్‌తో తిరిగి బిట్లు తీయొచ్చు. లేదా ఆర్డ్వినో ఊనోలో సెకనుకు 9600 శాంపిళ్లు తీసుకునే డీమాడ్యులేటర్ రాయొచ్చు, బిట్‌కి సరిగ్గా 8 శాంపిళ్లు వస్తాయి. ఆడియోకి తెల్లని నాయిస్ కలుపుతూ ఏ నిష్పత్తి దగ్గర ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో గ్రాఫ్ గీయండి. 2200 స్వరాన్ని కావాలని 5 డెసిబెల్‌లు తగ్గించి అదే గ్రాఫ్ మళ్లీ గీయండి.

గాలిలోకి వెళ్లే తీరాలంటే మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకునే బ్యాండు ఉంది, పవరు హద్దులకు లోబడి, ఆమోదం పొందిన మాడ్యూళ్లతో. అక్కడ దొరికేవి లోరా, ఎఫ్‌ఎస్‌కే మాడ్యూళ్లు. వాటిలో మైకు దారి ఉండదు, బిట్లు చిప్పులోనే నేరుగా మాడ్యులేట్ అవుతాయి. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో దాన్ని ఏఎఫ్‌ఎస్‌కే అని రాయకండి.